‘మంచు పెరుగుతోందట కదా?’ – ఫోన్-ఇన్ కార్యక్రమం

ప్రయోక్త: శ్రోతలకు నమస్కారం. ధ్రువాల మంచు మీద వాట్సాప్‌లో పెద్ద రగడే నడుస్తోంది. సముద్ర శాస్త్రం బోధించి రిటైరైన మేడమ్ మనతో ఉన్నారు. మొదటి కాల్ విజయవాడ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా బావగారు ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టారు. 2012 కంటే 2024లో ఆర్కిటిక్ మంచు పాతిక శాతం ఎక్కువట. పచ్చి అబద్ధం అన్నాను. ఆయన అలిగారు.

మేడమ్: అలగరూ మరి! ఆ లెక్క నిజమేనమ్మా.

శ్రోత: అయ్యో!

మేడమ్: కంగారుపడకండి. అక్కడ ఏటా సెప్టెంబరులో సముద్రపు మంచు బాగా తగ్గుతుంది. 2012లో మరీ 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. ఉపగ్రహాలతో కొలుస్తున్న ఇన్నేళ్లలో అంత తక్కువ ఎప్పుడూ లేదు. 2024లో దాదాపు 43 లక్షలు. అన్నిటికన్నా అధ్వాన్నమైన ఏడాదితో పోలిస్తే ఏదైనా ఎక్కువే కదా. 1979లో ఎంత ఉండేదో బావగారినే చూడమనండి. ఇంచుమించు 70 లక్షలు. ‘లెక్క 2012 నుంచే ఎందుకు మొదలెట్టారు’ అని అడగండి, అబద్ధం అని మాత్రం అనకండి.

ప్రయోక్త: తర్వాతి కాల్ వరంగల్ నుంచి, టీచర్ గారు.

శ్రోత: మేడమ్, అయిదు నుంచి ఏడేళ్లలో వేసవికి ఉత్తర ధ్రువంలో మంచే ఉండకపోవచ్చని 2009లో అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ అన్నారు. మంచు ఇంకా ఉందిగా! పిల్లలు నిలదీస్తే ఏం చెప్పను?

మేడమ్: ఆ మాట తప్పిందని చెప్పండి. 75 శాతం అవకాశం ఉందన్నారాయన. ఎవరి పరిశోధన చూపి అన్నారో, ఆ అంకె ఎలా వచ్చిందో తెలియదని ఆ శాస్త్రవేత్తే అన్నారు. వాతావరణ మార్పును అంచనా వేసే ఐక్యరాజ్య సమితి బృందం ఐపీసీసీ చెప్పేది వేరు: 2050లోపు ఒక్క సెప్టెంబరులోనైనా మంచు 10 లక్షల చదరపు కిలోమీటర్ల కంటే తగ్గే, అంటే దాదాపు లేనట్టే అయ్యే అవకాశం ఉంది. ఇంకోటి, 2012 నాటి కనిష్ఠం కంటే కిందికి తర్వాత ఏ సెప్టెంబరులోనూ పడిపోలేదు, తగ్గుదల కొంత నెమ్మదించింది కూడా. దాన్నీ దాచకండి మాస్టారూ. రేపు ఇంకెవరో చెబితే, మీరు చెప్పిన మిగతాదీ పిల్లలు నమ్మరు.

శ్రోత: మరి అంటార్కిటికాలో పెరిగిందంటారు?

మేడమ్: పెరిగింది. అక్కడి సముద్రపు మంచు 2014 చలికాలంలో 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటింది. 2016 నుంచి కథ తిరగబడింది. 2023 ఫిబ్రవరిలో, అంటే అక్కడి వేసవిలో, 18 లక్షల దాకా పడిపోయి, అప్పటికి అదే కనిష్ఠం అయింది. గాలుల పాత్ర ఎంత, కింది వెచ్చని నీళ్ల పాత్ర ఎంత అన్నది శాస్త్రవేత్తలు ఇంకా తేల్చుకుంటున్నారు. వాదించుకోవాలంటే అదీ అసలు టాపిక్!

ప్రయోక్త: కాకినాడ జిల్లా ఉప్పాడ నుంచి ఒక అన్న లైన్‌లో ఉన్నారు.

శ్రోత: అమ్మా, గ్లాసులో ఐసు ముక్క కరిగితే నీళ్లు పొంగవు కదా. మరి మా ఊరిని సముద్రం ఎందుకు మింగుతోంది?

మేడమ్: భలే అడిగారు. తేలే మంచు కరిగితే సముద్రం పెరగదు, నిజమే. గ్రీన్‌లాండ్ మంచు నేల మీద ఉంది నాయనా. 2002 నుంచి ఉపగ్రహాలతో దాని బరువు చూస్తున్నారు. సగటున ఏడాదికి 27,000 కోట్ల టన్నుల దాకా పోతోంది. అంటార్కిటికా నేల మీది మంచూ తరుగుతోంది. పైగా నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి. అన్నీ కలిసి 1993 నుంచి ప్రపంచ సముద్ర మట్టం 10 సెంటీమీటర్ల మేర పెరిగింది.

శ్రోత: పది సెంటీమీటర్లకే ఇళ్లు కూలిపోతాయా?

మేడమ్: అదొక్కటే కాదు. ఆనకట్టలు కట్టాక గోదావరి తెచ్చే ఒండ్రు తగ్గింది. తీరంలో కట్టడాలు వస్తే ఇసుక కదిలే దారి మారుతుంది. మీరు అర్జీ పెడితే ‘ధ్రువాల్లో మంచు కరుగుతోంది, మేమేం చేస్తాం’ అంటారు. ఒప్పుకోకండి. మీ తీరంలో ఇసుక ఎటు పోతోందో కొలిపించమని రాతపూర్వకంగా అడగండి.

శ్రోత: అర్జీ మీద మా వాళ్లందరి సంతకాలు పెట్టిస్తానమ్మా.

మేడమ్: రసీదు తీసుకోవడం మర్చిపోకండి.