మూడు పనులకీ ఒకటే ఖాతా

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినవాళ్లు, "రోజూ నడపడానికి, ట్రెయిలర్ లాగడానికి, రోడ్డు లేని చోట తిరగడానికి ఒక్కటే బండి కొనాలంటే ఏది కొనాలో చెప్పండి" అన్నారు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నమాట. తప్పేం లేదు, ఒకప్పుడు నేనూ అలాగే అడిగాను. కాకపోతే ఇవాళ ఫలానా బండి కొనమని చెప్పను. మీ ట్రెయిలర్ ఎంత బరువుందో నాకు తెలీదు కదా.

ముందు నా పరువు నేనే తీసుకుంటాను. కొన్నేళ్ల కిందట లాడర్ ఫ్రేమ్ (నిచ్చెన లాంటి ఉక్కు చట్రం) మీద కట్టిన డీజిల్ ఎస్‌యూవీ ఒకటి కొన్నాను. టోయింగ్ పరిమితి, అంటే వెనక తగిలించి లాగగలిగే బరువు, 3,000 కిలోలు. నా పడవ, దాని ట్రెయిలర్ కలిపితే 2,000. ఇంకో వెయ్యి కిలోలు మిగులుందన్న ధీమాతో ముందు ఉక్కు బంపర్, దానికో వించ్ (ఇరుక్కున్న బండిని తాడు చుట్టి లాగే యంత్రం), పైన రూఫ్ ర్యాక్, వెనక సొరుగులు, ఒక ఫ్రిజ్ పెట్టించాను. ఒక రాత్రి ఇంట్లో నలుగురం ఎక్కి, పడవ తగిలించుకుని బయల్దేరాం. ఎదురొచ్చే ప్రతి బండీ నాకు హైబీమ్ కొడుతోంది. నేనేమో డిమ్‌లోనే ఉన్నాను. వీళ్లకి ఇంత పొగరేంటి అనుకుంటూ ఒకచోట ఆపి దిగి చూశాను. బండి వెనక చతికిలబడింది, మూతి పైకి లేచింది. నా డిమ్ లైటే నేరుగా వాళ్ల కళ్లలో కొడుతోంది. మర్నాడు కాటా వేయిస్తే వెనక ఇరుసు మీద ఉండాల్సిన దానికంటే 140 కిలోలు ఎక్కువ తేలింది. ట్రెయిలర్ మాత్రం దాని పరిమితికి వెయ్యి కిలోలు తక్కువే!

ఇదెలా జరిగిందో తెలిస్తే మీకు సగం పని అయిపోయినట్టే. బ్రోషర్లో పెద్ద అక్షరాలతో వేసేది టోయింగ్ పరిమితి. అసలు చూడాల్సింది పేలోడ్, అంటే బండి తన ఒంటి మీద మోయగలిగే బరువు. డ్రైవర్ తలుపు తెరిస్తే చాలా బళ్లకి అక్కడ ఒక స్టిక్కరో ప్లేటో ఉంటుంది. అక్కడ గరిష్ఠ బరువు మాత్రమే ఉంటే, అందులోంచి ఖాళీ బండి బరువు తీసేయండి. నా బండి పేలోడ్ 600 కిలోలు. నలుగురు మనుషులు 280. ట్రెయిలర్ బరువంతా దాని చక్రాల మీదే ఉండదు, కొంత హిచ్ మీద, అంటే బండికి ట్రెయిలర్ తగిలించే కొక్కెం మీద పడుతుంది. నాది పదో వంతు, అంటే 200. అక్కడికి 480 అయింది. మిగిలింది 120. బంపర్, వించ్ కలిపి 85, ర్యాక్ 30, సొరుగులు 50, సామాన్లతో ఫ్రిజ్ 35. మొత్తం 200. ఉన్నది 120 అయితే నేను ఖర్చు పెట్టింది 200. ఇంకా బట్టల సంచులు లెక్కలోకే రాలేదు.

పైగా హిచ్ ఉండేది వెనక ఇరుసుకి వెనకాల. కాబట్టి తక్కెడలా పనిచేస్తుంది. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య 2.8 మీటర్లు, ఇరుసు నుంచి హిచ్‌కి 1.2 మీటర్లు అనుకోండి. హిచ్ మీద 200 పెడితే వెనక ఇరుసు మీద 286 పడుతుంది, ముందు చక్రాల మీద 86 తగ్గుతుంది. స్టీరింగ్ తిప్పేదీ, బ్రేకింగ్‌లో ఎక్కువ భారం మోసేదీ ముందు చక్రాలే. వాటి పట్టు తగ్గిందన్నమాట.

మరైతే పడవని ట్రెయిలర్ మీద కాస్త వెనక్కి జరిపితే హిచ్ మీద బరువు తగ్గదా అంటారు. తగ్గుతుంది. దాంతో పాటు ట్రెయిలర్ తోక ఊపడం మొదలవుతుంది. అందుకే బరువులో సుమారు 60 శాతం ట్రెయిలర్ ఇరుసుకి ముందుండాలంటారు. ఒకవేళ ఊగడం మొదలైతే బండి బ్రేకు గట్టిగా తొక్కకండి. యాక్సిలరేటర్ వదలండి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి, ట్రెయిలర్ బ్రేకుకి విడిగా మీట ఉంటే అది నొక్కండి.

మనం మూడు పనులంటున్నాం గానీ, ఇవన్నీ ఒకే ఖాతాలోంచి డబ్బు తీసే ముగ్గురు అన్నదమ్ముల్లాంటివి. ఆఫ్‌రోడ్ కోసం బిగించే ప్రతి ఇనప ముక్కా ట్రెయిలర్ వాటాలోంచి పోతుంది. ఇంట్లో మనుషులు పెరిగినా అంతే.

ఇంకో పేచీ పొడవు దగ్గర వస్తుంది. 2018 తరం జీప్ రాంగ్లర్ వచ్చినప్పుడు అమెరికాలో రెండు తలుపుల దానికి టోయింగ్ పరిమితి 907 కిలోలు, నాలుగు తలుపుల దానికి 1,588. ఇంజిన్ అదే, గేర్‌బాక్స్ అదే. కంటికి కనిపించే తేడా ముందు, వెనక చక్రాల మధ్య దూరం: ఒకదానికి 2.46 మీటర్లు, ఇంకోదానికి సుమారు 3 మీటర్లు. పొడుగు బండిని ట్రెయిలర్ అంత తేలిగ్గా అటూ ఇటూ లాగలేదు. కానీ అదే పొడుగు బండి గట్టు దాటబోతే కడుపు ఆనుకుని కూర్చుంటుంది. పొట్టిది చక్కగా దాటేస్తుంది.

స్ప్రింగులూ అంతే. గుంటల్లో చక్రం బాగా దిగాలన్నా, రోజూ నడుం నొప్పి లేకుండా తిరగాలన్నా స్ప్రింగ్ మెత్తగా ఉండాలి. బరువు లాగాలంటే గట్టిగా ఉండాలి. దీనికి 1970 నాటి రేంజ్ రోవర్‌లో ఒక మంచి జవాబు ఉంది. మెత్తటి, పొడుగాటి కాయిల్ స్ప్రింగులు పెట్టి, వెనక ఇరుసు మీద బరువు పడ్డప్పుడు బండిని మళ్లీ పైకి లేపే సెల్ఫ్ లెవెలింగ్ యూనిట్ ఒకటి అమర్చారు. ఇప్పుడు ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచులు) చేసే పని ఇదే. ఒకటి మాత్రం మర్చిపోకండి: వెనక స్ప్రింగులకి తోడుగా గాలి సంచులు పెట్టించుకుంటే బండి వెనక లేస్తుంది, పేలోడ్ లేవదు. ఇరుసు, చక్రాలు, టైర్లు పాతవే కదా.

బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ గురించి అడుగుతారని తెలుసు. రోజూ నడిపి, బరువు లాగే బండికి నేనైతే వద్దంటాను. బండి ఎత్తు పెంచితే హిచ్ కూడా ఎత్తుకి పోతుంది, మలుపులో ఒళ్లు ఎక్కువ వాలుతుంది. దానికి తోడు పెద్ద టైర్లు వేస్తే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. టైరు వ్యాసం పది శాతం పెరిగితే ఇంజిన్‌కి ప్రతి గేరూ పది శాతం బరువెక్కినట్టు అవుతుంది. ఎక్కుడు దారిలో ట్రెయిలర్‌తో ఆ తేడా ఇట్టే తెలుస్తుంది. స్పీడోమీటర్ కూడా అసలు వేగం కంటే తక్కువ చూపించడం మొదలెడుతుంది.

దానికి బదులు మంచి ఆల్ టెర్రైన్ టైర్లు (రోడ్డుకీ మట్టికీ పనికొచ్చేవి), ఒక ప్రెషర్ గేజ్, ఒక చిన్న కంప్రెసర్ కొనండి. ఇసుకలో టైరు గాలిని 15 నుంచి 18 పీఎస్‌ఐకి దించితే అదే టైరు వేరే టైరులా నడుస్తుంది. పక్కలు ఉబ్బి, నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది. తారు రోడ్డెక్కగానే మళ్లీ నింపాలి. మెత్తటి టైరుతో బరువు లాగితే అది వేడెక్కి పగులుతుంది. బురద కోసం చేసిన మడ్ టెర్రైన్ టైర్లు చూడ్డానికి దర్జాగా ఉంటాయి గానీ రోజూ ఆ మోత భరించడం నా వల్ల కాదు.

ఫోర్ వీల్ డ్రైవ్‌లో నా ఓటు సెంటర్ డిఫరెన్షియల్ ఉన్నదానికే. ముందు, వెనక షాఫ్టుల్ని వేర్వేరు వేగంతో తిరగనిచ్చేది అదే. అది లేని పార్ట్ టైమ్ రకాన్ని ఫోర్ వీల్‌లో వేసి పొడి కాంక్రీటు మీద తిప్పితే ముందు, వెనక షాఫ్టులు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి. బండి పట్టేసినట్టు కదుల్తుంది. పడవ దింపే ర్యాంపు కింద తడిగా, నాచు పట్టి ఉంటుంది. పైన పొడి కాంక్రీటు. రెండింటికీ పనికొచ్చేది సెంటర్ డిఫరెన్షియల్. దాంతో పాటు లో రేంజ్, అంటే బండిని చాలా నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే గేర్లు కూడా ఉండాలి. రాళ్ల మీదే కాదు, ట్రెయిలర్‌ని రివర్స్‌లో అంగుళం అంగుళం జరపడానికి దాన్ని మించింది లేదు.

లాడర్ ఫ్రేమా, మోనోకాకా (విడిగా చట్రం లేకుండా ఒళ్లే చట్రంగా ఉండేది) అని గంటలు గంటలు వాదించుకుంటారు. 2020లో అమ్మకానికొచ్చిన కొత్త ల్యాండ్ రోవర్ డిఫెండర్ అల్యూమినియం మోనోకాక్. అందులో 3,500 కిలోలు లాగే రకాలున్నాయి, ఎయిర్ సస్పెన్షన్‌తో 900 మిల్లీమీటర్ల లోతు నీళ్లు దాటుతుంది. కాబట్టి ఆ వాదన పక్కన పెట్టి స్టిక్కర్ చదవండి. ఎలక్ట్రిక్ బండికి లాగే బలం పుష్కలంగా ఉంటుంది. కానీ ఎత్తయిన కారవాన్ (చిన్న ఇల్లులాంటి ట్రెయిలర్) తగిలిస్తే ఒక చార్జికి వెళ్లే దూరం ఇంచుమించు సగానికి పడిపోవచ్చు. ఆ సగం మీ దారికి సరిపోతుందో లేదో చూసుకోండి.

మరి ఎలా ఎంచుకోవాలి? మీ ట్రెయిలర్‌ని సామానుతో సహా కాటా వేయించండి. ఆ అంకె మారదు, బేరం ఉండదు. అందులో హిచ్ మీద పడే వంతుకీ, మీ మనుషులకీ పేలోడ్ చాలని బండ్లని కొట్టేయండి. మిగిలినవాటిలో మీ పార్కింగ్‌లో పట్టేదీ, రోజూ కూర్చోగలిగేదీ వెతకండి. ఏడాదిలో ఎక్కువ రోజులు గడిచేది అందులోనే కదా. ఆఫ్‌రోడ్ చివరికి వదిలేయండి. మనలో చాలామంది ఆఫ్‌రోడ్ అనేది నిజానికి మట్టి రోడ్డే. టైర్లు, గాలి, తొందరపడని కాలు ఉంటే మామూలు బండి కూడా ఆశ్చర్యపోయేంత దూరం పోతుంది. రాళ్లు ఎక్కడమే మీ సరదా అయితే మాత్రం లెక్క తిరగబడుతుంది. అప్పుడు పొట్టి బండి కొనుక్కుని, ఏడాదికి రెండుసార్లు లాగే ట్రెయిలర్‌కి వేరే బండి అద్దెకి తీసుకోండి.

నా సంగతి చెప్పాలంటే, వించ్, ఉక్కు బంపర్ అమ్మేశాను. సొరుగులు తీసేసి ప్లాస్టిక్ డబ్బాలు పెట్టుకున్నా. ర్యాక్ గ్యారేజీలో గోడకి ఆనించి ఉంది, పడవ లేని ప్రయాణాలకి మాత్రమే ఎక్కుతుంది. వించ్ బదులు ఒక లాగుడు పట్టీ, ఇరుక్కున్న చక్రం కింద పెట్టే రెండు ట్రాక్షన్ బోర్డులు, ఒక పార ఉన్నాయి. పోయిన నెల పడవతో కాటా ఎక్కిస్తే వెనక ఇరుసు పరిమితి లోపలే ఉంది. ఆ రాత్రి ఎదురొచ్చినవాళ్లెవరూ లైట్లు కొట్టలేదు.

ఇక మీరడగండి. మీ బండి స్టిక్కర్ ఫోటో తీసి తెచ్చినవాళ్లుంటే ముందు వాళ్లవి చూద్దాం.