ఫ్రీబీఎస్‌డీ కొత్తవాళ్లకి పనికొస్తుందా? వై-ఫై మీద కోపం, మ్యాన్ పేజీల మీద ఇష్టం

నమస్తే అండీ. ముందే చెప్పేస్తాను, ఈ బల్ల మీదున్న మినీ పీసీని ఒక కంపెనీ రివ్యూ కోసం ఉచితంగా పంపింది. డబ్బులేమీ ఇవ్వలేదు. దీని ప్రాసెసర్, ర్యామ్ వివరాలు మీరు ఈపాటికే ఎక్కడో చూసే ఉంటారు, వాటి జోలికి వెళ్లను. ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండా వచ్చింది కదా అని ఫ్రీబీఎస్‌డీ 14 ఎక్కించాను. ఇవాళ నా మాటలన్నీ దాని గురించే.

లినక్స్ కాదా అంటే, కాదు. యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కి బర్క్‌లీ యూనివర్సిటీలో పెరిగిన శాఖ నుంచి వచ్చింది, మొదటి విడుదల 1993లో. కెర్నల్ అంటే సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్, మామూలు కమాండ్లు, వాటి డాక్యుమెంటేషన్, మూడింటినీ ఒకే ప్రాజెక్టు కలిపి విడుదల చేస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇన్‌స్టాలర్ నీలం రంగు స్క్రీన్, బాణం మీటలు, అంతే. డిస్క్ దగ్గర జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఎంచుకోండి, ఎందుకో చివర్లో చెప్తాను. ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం ఆగండి. యూజర్‌ని చేర్చేటప్పుడు వేరే గ్రూపుల్లో కూడా చేర్చాలా అని అడుగుతుంది. చాలామంది ఎంటర్ కొట్టేసి ముందుకెళ్లిపోతారు. అక్కడ వీల్ (wheel) అని టైప్ చేయాలి, రూట్ అంటే సర్వాధికారాలున్న యూజర్‌గా మారడానికి అనుమతి ఉన్న గ్రూపు అది. చేయకపోతే తర్వాత ఎస్‌యూ కమాండ్‌తో రూట్ అవుదామంటే, పాస్‌వర్డ్ కూడా అడక్కుండానే "సారీ" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. ఎందుకు సారీయో చెప్పదు! రూట్ అధికారంతో ఒక్కో కమాండ్ నడిపే సుడో వాడదామంటే అది మొదట్లో ఉండదు, విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

ఇక వై-ఫై. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. ఈ పీసీలో ఉన్న కార్డుని అసలు గుర్తుపట్టలేదు. నెట్ లేదు, నెట్ లేకపోతే ప్యాకేజీలు, అంటే విడిగా ఎక్కించుకునే సాఫ్ట్‌వేర్, రావు, డెస్క్‌టాప్ కూడా ప్యాకేజీల్లోనే ఉంది. కొత్తవాడు ఇక్కడే టెన్షన్ పడి మానేస్తాడు. నేను ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో పెట్టి టెథరింగ్ ఆన్ చేశాను, అంటే ఫోన్ నెట్‌ని పీసీకి పంచాను. యూఈ0 అనే నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ ప్రత్యక్షమైంది. డీహెచ్‌క్లయింట్ యూఈ0 అని కొడితే నెట్ వచ్చేసింది.

నెట్ లేనప్పుడు ఇదంతా ఎక్కడ వెతకాలి? మ్యాన్ పేజీల్లో, అంటే కమాండ్ల మాన్యువల్‌లో. ఇన్‌స్టాల్ అయినప్పుడే అవి డిస్క్‌లో ఉంటాయి, వాటికి నెట్‌తో పనిలేదు. చూడండి, మ్యాన్ హైర్ అని కొడుతున్నా. ఏ డైరెక్టరీ దేనికో మొత్తం ఇక్కడే ఉంది. సిస్టమ్‌తో వచ్చిన సెట్టింగ్‌లు ఈటీసీ అనే డైరెక్టరీలో, మనం తర్వాత ఎక్కించిన వాటివి యూఎస్‌ఆర్ లోకల్ కింద ఉండే ఈటీసీలో. రెండూ కలవవు. ఇప్పుడు మ్యాన్ ఫైండ్, ఫైళ్లు వెతికే కమాండ్ పేజీ. కిందికి వెళ్తే ఉదాహరణలు, అలాగే కొట్టి చూడొచ్చు. స్పేస్ నొక్కితే తర్వాతి పేజీ, స్లాష్ పెట్టి మాట టైప్ చేస్తే వెతుకుతుంది, బయటికి రావాలంటే క్యూ.

నేను ఇంతకుముందు వాడిన లినక్స్‌లలో ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కోసం మ్యాన్ ఎల్‌ఎస్ అని కొడితే ఆప్షన్ల పట్టిక చూపించి, పూర్తి వివరాలు ఇంకోచోట చూసుకోమనేది. ఇక్కడ చివర చరిత్ర కూడా ఉంటుంది. ఎల్‌ఎస్ యూనిక్స్ మొదటి వెర్షన్ నుంచే ఉందని రాశారు. ఆ మొదటి మాన్యువల్ తేదీ 1971 నవంబర్ 3. అలాంటివి చదువుతూ కూర్చుంటే నాకు పొద్దే తెలియదు, ఇది నా పిచ్చి అనుకోండి. కానీ లాభం ఏమిటంటే, ఇందాక చెప్పానే, కమాండూ పేజీ ఒకే చోట తయారవుతాయి. మీ వెర్షన్‌లో ఏముందో పేజీలో అదే ఉంటుంది. నెట్‌లో దొరికిన పాత జవాబు కాపీ చేసి తిప్పలు పడే పని తగ్గుతుంది.

జెడ్‌ఎఫ్‌ఎస్ ఎంచుకోమన్నది కూడా ఊరికే కాదు. పెద్ద మార్పు చేసే ముందు బీఈసీటీఎల్ క్రియేట్ అని ఒక పేరు ఇవ్వండి, జెడ్‌ఎఫ్‌ఎస్ సాయంతో అప్పటి సిస్టమ్ ఆ పేరుతో భద్రంగా ఉంటుంది. సిస్టమ్ పాడైతే బూట్ మెనూలో ఆ పేరు ఎంచుకుని పాత స్థితికి వెళ్లిపోవచ్చు. ధైర్యంగా చెడగొట్టి నేర్చుకోండి.

సినిమాలు, ఆటలు, రేపటికల్లా డెస్క్‌టాప్ రెడీగా ఉండాలి అనుకునేవాళ్లు దీని జోలికి రాకండి, చిరాకు పడతారు. యూనిక్స్ నేర్చుకోవాలనే కోరిక ఉంటే, వై-ఫై మీద ఇంత తిట్టుకున్నా సరే, నా ఓటు దీనికే. ముందు వర్చువల్ మెషీన్‌లో, అంటే మీ కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో, పెట్టి చూడండి, అక్కడైతే వై-ఫై గొడవే లేదు.