పాత ఫ్యాను వైరుతో ఎఫ్ఎం యాంటెన్నా: పనిచేసిందా?

అందరికీ నమస్కారం. ఈసారి రివ్యూ కొన్న వస్తువుకి కాదు, నేను కట్టుకున్న దానికి. ఇదిగో, డాబా మీద ఈ కర్రకి వేలాడుతున్న వైరే.

మాది భువనగిరి దగ్గర ఊరు. ఆకాశవాణి ఎఫ్ఎం స్టేషన్ హైదరాబాద్ రెయిన్‌బో, 101.9 మెగాహెర్ట్జ్, ఇంట్లో వినిపిస్తుంది గానీ పాట మధ్యలో బుస్సుమంటుంది. మా నాన్న రేడియో కడ్డీని చేత్తో పట్టుకుంటే సాఫ్, వదిలితే మళ్లీ బుస్సు. పొద్దున్నే ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో కడ్డీ, పాపం ఆయనే యాంటెన్నా అయిపోయారు.

కొలత చెప్తా. 300ని మెగాహెర్ట్జ్‌లో ఉన్న స్టేషన్ ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది, మన 101.9కి దాదాపు 2.94. అందులో సగం తీసుకుని, వైరు కాబట్టి ఇంకో 5 శాతం తగ్గిస్తే 1.40 మీటర్లు, అంటే అటు 70 సెంటీమీటర్లు, ఇటు 70. ఒకటి రెండు సెంటీమీటర్లు తేడా వస్తే టెన్షన్ పడకండి.

పాత టేబుల్ ఫ్యాను జంట వైరు తీసుకుని ఒక చివర 70 సెంటీమీటర్లు చీల్చండి, చీలిక ఆగిన చోట గట్టిగా ముడి వేసి, ఆ రెండు పాయల్నీ చేతుల్లా అటూ ఇటూ చాచండి. నేను మొదటిసారి ముడి వేయలేదు, గాలికి లాగీ లాగీ తెల్లారేసరికి చీలిక పెరిగి ఒక్కో చెయ్యి మీటరు దాకా అయింది! రెండో చివర రాగి పోగులు మెలిపెట్టి, ఒకటి మొసలి క్లిప్పుతో రేడియో కడ్డీకి, ఇంకోటి బ్యాటరీల దగ్గర మైనస్ స్ప్రింగుకి. కరెంటు మీద నడిచే పాత సెట్లలో మాత్రం ఈ పని అస్సలు చేయకండి, షాక్ కొట్టొచ్చు.

ఫలితం? గది గోడకి కొడితే కొంచెమే మెరుగు, అదే వైరుని డాబా మీద కర్రకి నిలువుగా కట్టగానే బుస్సు పోయింది. అడ్డంగా కూడా పెట్టి చూశా, మా దగ్గర నిలువే బాగుంది, మీరు రెండూ చూసుకోండి. నన్నడిగితే కొలత కంటే ఎత్తుకే ఎక్కువ మార్కులు.

మీడియం వేవ్‌కి ఇది దండగ. మీడియం వేవ్‌లో వచ్చే హైదరాబాద్ ఆకాశవాణి, 738 కిలోహెర్ట్జ్, కోసం రేడియో లోపలే ఫెర్రైట్ కడ్డీ అనే వేరే యాంటెన్నా ఉంటుంది, అందుకే రేడియోనే మెల్లగా తిప్పి చూడండి, పక్కన ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ ఛార్జర్ ఉంటే ఆపేయండి. ఇక సిటీలో టవర్ పక్కనే ఉన్నవాళ్లకి ఈ వైరు అక్కర్లేదు, సిగ్నల్ మరీ ఎక్కువై స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడతాయి.

కరెంటు తీగల దగ్గర కట్టొద్దు. మబ్బు పడుతుంటేనే క్లిప్పులు పీకేసి వైరుని బయటే వదిలేయండి. నిన్న సాయంత్రం నేను అలాగే పీకానో లేదో లోపల్నుంచి నాన్న, "ఏమైందిరా, మళ్లీ నన్నే పట్టుకోమంటావా?"