నడిచేందుకు పరిచిన బొమ్మలు: ఇటలీ పూల తివాచీలు

సభకు నమస్కారం.

ఇటలీలో 'ఇన్‌ఫియొరాతా' అని పిలిచే పూల తివాచీలను పొగిడేవారు సాధారణంగా వాటి అందం దగ్గరే ఆగిపోతారు. అవి తొక్కడానికి వేసిన బొమ్మలన్న సంగతి నాకు అంతకంటే ముఖ్యంగా కనిపిస్తుంది.

1625 జూన్ 29న, పునీత పేతురు పౌలుల పండుగనాడు, వాటికన్ అలంకరణల బాధ్యత చూసే బెనెదెత్తో ద్రేయి తన కుమారుడు పియెత్రోతో కలిసి పూలరేకులతో బొమ్మలు పరచడంతో ఈ ఆచారం మొదలైందని చెబుతారు. తరువాత అది రోము దక్షిణాన ఉన్న కొండ ఊళ్లకు పాకింది. జెన్‌జానో పట్టణం 1778లో దాన్ని దివ్యసత్ప్రసాద పండుగకు, అంటే క్రీస్తు శరీరంగా కతోలికులు ఆరాధించే అప్పాన్ని గౌరవించే పండుగకు, తెచ్చుకుంది. ఆ పండుగను 1264లో నాలుగవ అర్బన్ పోపు లోకమంతటి కతోలిక సంఘానికి విధించారు. ఆ రోజు దివ్యసత్ప్రసాదాన్ని వీధుల్లో ఊరేగిస్తారు కనుక, దాని దారికి పూలు పరచడం సహజమే.

శ్రమ సంగతి తెలియాలంటే మధ్య ఇటలీలోని ఉంబ్రియా ప్రాంతంలో ఉన్న స్పెల్లో పట్టణానికి వెళ్లాలి. పండుగకు చాలా ముందే ఊరివారు సుబాజియో కొండ వాలుల్లో పూలు కోసుకొచ్చి, రేకులు విడదీసి, రంగులవారీగా వేరుచేస్తారు. కొన్నింటిని ఎండబెడతారు, ఎండిన రేకుకు పచ్చి రేకుకు లేని ఛాయ వస్తుంది, సన్నగా తరిగితే ముఖాల నీడలు సైతం తీర్చవచ్చు. కృత్రిమ రంగులు అక్కడ నిషిద్ధం. పసుపుకు జినెస్త్రా పూలు, ఆకుపచ్చకు అడవి సోంపు ఆకు వాడతారు. శనివారం రాత్రంతా వీధిలో మోకాళ్లమీద కూర్చుని, గాలికి భయపడుతూ, తెల్లవారేసరికి బొమ్మ ముగించాలి. ఉత్తమ బొమ్మలకు బహుమతులూ ఇస్తారు. భక్తికి పోటీ ఎందుకని నాకు అనిపిస్తుంది గానీ, ఆ పోటీయే పనితనాన్ని పెంచిందని ఒప్పుకోక తప్పదు. ఆదివారం ఉదయం పీఠాధిపతి (బిషప్పు) దివ్యసత్ప్రసాదాన్ని చేతబట్టి ఆ రేకుల మీదుగానే నడుస్తారు. దాంతో బొమ్మ చెడిందని అక్కడ ఎవరూ అనుకోరు.

జెన్‌జానోలో మాత్రం పూలను పురపాలక భవనం కింది చల్లని గుహల్లో దాచి, కొండమీది గుడివైపు ఎక్కే వీధిలో పరుస్తారు. ఊరేగింపు అయినా అవి అలాగే ఉంటాయి. సోమవారం సాయంత్రం పిల్లలు గుడి మెట్ల నుంచి కేరింతలు కొడుతూ కిందికి పరిగెత్తి, పెద్దలు పరిచినదంతా చెదరగొడతారు. ఈ పరుగును 'స్పల్లమెంతో' అంటారు, పండుగలో అదీ ఒక భాగమే.