చిన్న ఇల్లు, కిరాయి కాగితం
(హన్మకొండలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు అధ్యక్షులవారు రెండుసార్లు చదివిండ్రు, నేను మళ్ల చదవను. డిసెంబర్ 17 మన పండుగ. 1982ల ఇదే రోజు నకారా కేసుల సుప్రీంకోర్టు, పెన్షన్ దయతోని వేసే భిక్షం కాదు, హక్కు అన్నది. ఆ హక్కుగా వచ్చిన పైసలు చిన్న ఇండ్ల మీద పెడితే లాభమా, కట్టి అమ్ముడా, కిరాయికిచ్చుడా? ఇదీ నాకిచ్చిన విషయం. కాజీపేట లోకోషెడ్డుల ముప్పై నాలుగేండ్లు చేసి, గ్రాట్యుటీ పైసలతోని 72 గజాల జాగల నాలుగు అర్రలు కట్టిన. తెలిసింది చెప్త.

అమ్ముడు సంగతి ముందు తేల్చుదాం. 15 లక్షల ఇంటికి రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం, అంటే 1,12,500. జాగ కొన్ననాడు మనం కట్టినం, ఇల్లు కొనేటాయన మళ్ల కడతడు, దాన్ని మన ధరలనే కోస్తడు. రెండేండ్ల లోపు అమ్మితే లాభమంత మన ఆదాయంల కలిపి పన్ను వేస్తరు, దాటితే 12.5 శాతం. సిమెంటు, సలాక ఉద్దెర దొరికే మేస్త్రీలకు ఆ యాపారం గిట్టుతది. మన వయసుకు కిరాయే నయం.

జాగ గురించి. 2020ల వచ్చిన టీఎస్-బీపాస్ అనే ఇంటి అనుమతుల చట్టం ప్రకారం 75 గజాల లోపు జాగల, 7 మీటర్ల ఎత్తు దాటకుండ, కింద ఒకటి మీద ఒకటి కట్టుకుంటే అనుమతి అక్కర లేదు. ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకోవాలె. గని అక్కడ తప్పు రాస్తే నోటీసు లేకుండనే కూలగొట్టే అధికారం గూడ అదే చట్టంల ఉన్నది. ఈసీ, అంటే జాగ మీద జరిగిన అమ్మకాలు, అప్పులు చూపే కాగితం తీయుండ్రి, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత అమ్మకాల కాగితాలు అడుగుండ్రి. సర్కారు పేదలకిచ్చిన అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం కింద ఆ అమ్మకమే చెల్లదు. నోటరీ కాగితం మీద చవుకగ వస్తున్నదని ఉరకకుండ్రి. నాలా పక్కకు అసలే పోవద్దు. 2020 ఆగస్టు వరదల నయీంనగర్ మనమందరం చూసినం. 2023 జులైల హంటర్ రోడ్డు చూసినం. మంచాలు తేలినయి.

72 గజాలంటే 648 చదరపు అడుగులు. మెట్లు, సంపు పోను కింద రెండు, మీద రెండు అర్రలు. ప్రతి అర్రకు దాని కిటికీ, దాని లెట్రిన్, దాని కరెంటు మీటరు. మీటరు వేరే ఉంటే కిరాయిదారుకు సర్కారు గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాక బిల్లు రాకుండ పోయే అవకాశం ఉంటది, మనతోని పంచాయితీ ఉండది. మన ఊర్ల ఒంటి అర్రకు మనుషులు తక్కువ లేరు. కోచింగ్ పిల్లలు, ఎంజీఎం దవాఖాన నర్సులు, రైల్వేల కొత్తగ చేరిన పిల్లగాండ్లు, ఎనుమాముల మార్కెట్ల హమాలీలు. నాకు ఒక్కో అర్రకు 3,500 వస్తున్నది. నాలుగింటికి నెలకు 14,000.

ఇగ కిరాయి కాగితం. పదకొండు నెలలకు రాసుకుంటం. కిరాయి, అడ్వాన్సు, నీళ్లు, సున్నం ఖర్చు. అన్నీ రాస్తం. ఒక్కటి రాయం. నేను ఇయ్యాల వచ్చిందే దాని కోసం.

1991 శ్రావణంల మా అమ్మ దవాఖానల పోయింది. అప్పుడు మేము హన్మకొండలనే ఒక్క అర్రల కిరాయికి ఉన్నం. ఏ వాడనో చెప్పను. ఏడేండ్లు ఉన్నం, ఐదో తారీఖు ఎన్నడూ దాటనియ్యలె. ఆ ఇంటాయన బిడ్డ పెండ్లికి మా అమ్మ మూడు రోజులు కూసొని సకినాలు చుట్టింది. ఆ అమ్మను రిక్షాల తీసుకొస్తే గేటుకు తాళం. ఇంటాయన లోపట్నుంచే అన్నడు: "తమ్మీ, ఏమనుకోకు. మాకు ఇంట్ల శుభకార్యం ఉన్నది. బయటనే కానియ్యి."

వాన. ఎదురుంగ మున్సిపాలిటీ నల్ల కాడ యాపచెట్టు కింద పండబెట్టినం. నేను, మా తమ్ముడు రాత్రంత పరదా అంచులు పట్టుకొని నిలబడ్డం. దీపం ఆరిపోతుంటే మా చెల్లె బకీటు అడ్డం పెట్టి కూసున్నది. పొద్దుగాల పర్కాల నుంచి మేనమామ వచ్చి, చక్కగ గేటు కాడికే పోయి, "మా అక్క ఏ అర్రల ఉన్నదయ్యా?" అని అడిగిండు. పరదా కిందికెళ్లి నేను పిలిచిన. ఆయన తిరిగి చూసిన చూపు నాకిప్పటికీ ఉన్నది. స్నానానికి నీళ్లు నాలుగిండ్లు అడుక్కున్నం.

అధ్యక్షులవారు చిట్టీ పంపిండ్రు, టైమైందట. ఐదు నిమిషాలు ఇయ్యుండ్రి సార్, ఇదొక్కటి చెప్పనియ్యుండ్రి.

ఈ హాల్ల కిరాయి ఇండ్లు ఉన్నోళ్లు ఒక్కసారి చేతులెత్తుండ్రి. ఎత్తుండ్రి... చానమందే ఉన్నరు. నేను ఎవ్వరినీ తప్పు పట్టుత లేను. చెడ్డ నక్షత్రంల చావు, ధనిష్ఠ పంచకం అంటరు, ఇల్లు నెలలకు నెలలు మూయాలె అంటరు, తర్వాత ఎవరూ కిరాయికి రారు అంటరు. ఈ భయం నాకు తెల్సు. నా భార్యకు గూడ ఉన్నది. గని 3,500 తీసుకునేటప్పుడు అది వాళ్ల ఇల్లే అని ఇస్తున్నం కదా. పానం పోయిననాడు ఎట్ల మనదైతది?

మూడేండ్ల కింద నా కింది అర్రల హమాలీ పని చేసే ఆయన పోయిండు. రాత్రి పదకొండు గంటలకు ఆయన భార్య ఫోన్ చేసింది. ఇంటికి తీసుకరావచ్చునా అని గూడ అడగలె. "సార్, ఎక్కడికి తీసుకపోవాలె?" అన్నది. ఆమెకు ముందే తెల్సు, అడిగితే ఏమంటరో. నేను లుంగీ మీదనే పోయి గేటు రెండు రెక్కలు తీసి పెట్టిన. "ఇంటికే తీసుకరా బిడ్డా" అన్న.

లెక్క గూడ చెప్త, లెక్క చెప్పమనే కదా పిలిచిండ్రు. మీది అర్ర పిల్లగాడు భయపడి వారానికి ఖాళీ చేసిండు. రెండు నెలలు ఆ అర్ర ఖాళీ. ఏడు వేలు నష్టం. మూడో నెల ఒక నర్సమ్మ వచ్చింది, సంగతి ముందే చెప్పిన. "నేను రోజూ చూస్తనే ఉంట సార్" అని అడ్వాన్సు ఇచ్చింది. ఆ హమాలీ ఆయన భార్య, పిల్లలు ఇప్పటికీ ఆ అర్రలనే ఉన్నరు.

నా కిరాయి కాగితంల తొమ్మిదో షరతు ఇది: "కిరాయికి ఉన్న కాలంలో కుటుంబంలో ఎవరైనా మరణిస్తే, భౌతికకాయాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి, కార్యక్రమాలన్నీ ఆ ఇంటి ముందే జరుపుకోవడానికి యజమానికి ఎలాంటి అభ్యంతరం లేదు. నీళ్లు, కరెంటు యజమాని ఇస్తాడు."

యాభై కాపీలు జిరాక్స్ తీయించి తెచ్చిన. ఛాయ పెట్టిన బల్ల మీద ఉన్నయి. చేతులెత్తినోళ్లు తలా ఒకటి తీసుకపోండ్రి.