ఇంగ్లండ్‌లో బ్రిడ్జి పార్ట్‌నర్ దొరికారు, ఇక బిడ్డింగ్ కుదరాలి

హాయ్ అండీ, నమస్తే. ఈరోజు వంటా లేదు, షాపింగూ లేదు. బ్రిడ్జి అనే పేకాట గురించి వ్లాగ్. అమ్మకి ఫోన్లో చెబితే, "అంత దూరం పోయి పేకాట క్లబ్బులో చేరావా?" అంది. మేం డబ్బులు పెట్టి ఆడం అమ్మా, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ జోడీ మన దేశానికి ఈ బ్రిడ్జిలోనే బంగారు పతకం తెచ్చింది అన్నాను. కాసేపు ఆలోచించి, "సరేలే, స్వెటర్ వేసుకుని వెళ్ళు" అంది.

రమ్మీకైతే ఎవరొచ్చినా ఓ చెయ్యి వేసేయొచ్చు. బ్రిడ్జిలో జోడీ కావాలి. ఎదురెదురుగా కూర్చుంటాం కానీ చేతిలో ఏముందో నోటితో చెప్పకూడదు, మొహంతో అసలే చెప్పకూడదు. చెప్పుకునేది బిడ్డింగ్‌లోనే, అంటే ఏ రంగు తురుపుగా ఎన్ని ట్రిక్కులు (పట్లు) గెలుస్తామో ఆటకి ముందు పాడే వేలంలోనే. అందుకే ఏ బిడ్‌కి ఏం అర్థమో ఇద్దరూ ముందే అనుకోవాలి, అది ఎదుటి జోడీకి కూడా తెలియాలి. రహస్య సైగలుండవు.

మా క్లబ్బులో ఒంటరిగా వచ్చేవాళ్ళతో ఆడడానికి హోస్ట్ అని ఒకరుంటారు. నాకు అలా దొరికిన ఆవిడ రిటైరైన లెక్కల టీచర్. నేను తప్పు ముక్క వేసినా కనుబొమ్మ కదలదు. పార్ట్‌నర్‌లో నేను ముందు చూసేది అదే. ఆట ఎంత వచ్చన్నది తర్వాత. రెగ్యులర్‌గా ఆడదామా అని అడిగితే, "ముందు సిస్టమ్ మాట్లాడుకుందాం" అన్నారు.

ఇక్కడే చిక్కొచ్చింది. నేను ఆన్‌లైన్‌లో నేర్చుకున్న సిస్టమ్, అంటే బిడ్ల అర్థాల పద్ధతి, స్టాండర్డ్ అమెరికన్. ఆవిడది యాకల్. లండన్‌లో వెస్ట్ హాంప్‌స్టెడ్ దగ్గర యాకల్ రోడ్ ఉంది కదా, 1930లలో అక్కడున్న క్లబ్బు పేరే ఈ సిస్టమ్‌కి వచ్చింది. ఇంగ్లండ్ క్లబ్బుల్లో ఎక్కువమంది ఆడేది ఇదే.

తేడా ఎక్కడంటే, చేతి బలాన్ని ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 పాయింటు చొప్పున లెక్కేస్తాం. నాకు 13 పాయింట్లు, ఇస్పేట్లు నాలుగు, మిగతా మూడు రంగుల్లో మూడేసి ముక్కలు వచ్చాయనుకోండి. ఆవిడ లెక్కలో అది 1 నో ట్రంప్ (తురుపు లేకుండా ఏడు ట్రిక్కులు), దానికి 12 నుంచి 14 పాయింట్లు చాలు. నా లెక్కలో నో ట్రంప్‌కి 15 నుంచి 17 ఉండాలి, ఇస్పేట్‌తో మొదలెట్టాలంటే ఐదు ముక్కలుండాలి. కాబట్టి కళావరు అంటాను. ఇప్పుడు ఒకరు 1 నో ట్రంప్ అన్నాక ఎదురుగా ఉన్న పార్ట్‌నర్‌కి 11 పాయింట్లున్నాయనుకోండి. గేమ్‌కి, అంటే పెద్ద బోనస్ వచ్చే 3 నో ట్రంప్ లాంటి బిడ్‌కి, ఇద్దరికీ కలిపి 25 దాకా కావాలి. నా పద్ధతిలో సూటిగా 3 నో ట్రంప్‌కి పోవచ్చు, ఆవిడ పద్ధతిలో 2 నో ట్రంప్ అని ఆగి, ఇంకా బలముందా అని అడగాలి. ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి అనుకుంటే ఆ చెయ్యి గంగలో కలిసినట్టే.

నా టెన్షన్ వేరే. బలం లేని నో ట్రంప్‌ని ఎదుటివాళ్ళు డబుల్ చేస్తే, అంటే మేం ఓడతామని పందెం పెంచితే? వల్నరబుల్‌గా (ఓడితే నష్టం ఎక్కువ పడే స్థితిలో) ఉండి రెండు ట్రిక్కులు తగ్గితే స్కోర్లో 500 పోతాయి. ఆవిడ నవ్వి, "డబుల్ చేశాక రెండు లెవెల్లో ఏ రంగు చెప్పినా పారిపోతున్నామని అర్థం, అక్కడే ఆగుదాం" అన్నారు. ఆ మాటతో నేను యాకల్‌కి ఒప్పుకున్నాను. అందరూ ఆడేది ఆడితే రేపు ఆవిడ రాని రోజు ఇంకొకరితోనైనా కూర్చోవచ్చు, ఆ స్వార్థం కూడా ఉందిలెండి.

తర్వాత టీ, బిస్కెట్లతో మా బిడ్ల అర్థాలు రాసే కార్డు నింపాం. నో ట్రంప్‌కి జవాబిచ్చే పద్ధతులు స్టేమన్, ట్రాన్స్‌ఫర్లు రెండు నిమిషాల్లో తేలిపోయాయి. నేను ఫోన్లో దాచుకున్న పేద్ద లిస్టు తీస్తే, "ఇవన్నీ రాత్రి పది గంటలకి నీకు గుర్తుంటాయా?" అని అడిగారు. లిస్టు లోపల పెట్టేశాను.

పార్ట్‌నర్‌ని ఆసులెన్నో అడిగే 4 నో ట్రంప్ ఒక్కటే ఇంకా తెగలేదు. ఆవిడకి ఆసులు మాత్రమే లెక్కపెట్టే పాత బ్లాక్‌వుడ్ పద్ధతి చాలు, నాకేమో తురుపు రాజుని కూడా ఐదో ఆసులా లెక్కేసేది కావాలి. ఆ గడి ప్రస్తుతానికి పెన్సిల్‌తో రాశాం.