మిరపకాయ రాకముందు మనం ఏం తిన్నాం? ఒక చరిత్ర పుస్తకం, బోలెడు కబుర్లు

అందరికీ నమస్కారం అండి, ఎలాగున్నారు. ఇదిగో ఈ పుస్తకం, కెమెరాకి దగ్గరగా పెడతాను, అట్ట కనిపిస్తోంది కదా. తెలుగువాళ్ల తిండి చరిత్ర. ముందే చెప్పేస్తున్నా, ఇది పబ్లిషర్ వాళ్లు ఫ్రీగా పంపిన కాపీ, డబ్బులేమీ ఇవ్వలేదు, ఏం మాట్లాడాలో కూడా చెప్పలేదు. ఎన్ని పేజీలు, రేటెంత, పేపర్ ఎలా ఉంది, ఇవన్నీ ఈపాటికే వేరే వీడియోల్లో చూసేసుంటారు కాబట్టి అవి వదిలేసి నేను తిన్నగా మిరపకాయ చాప్టర్‌కి వచ్చేస్తా, ఎందుకంటే పది రోజులుగా నా బుర్రలో అదొక్కటే తిరుగుతోంది.

మిరపకాయ మనది కాదు. ఈ ముక్క నాకు ముందే తెలుసు, మీలో చాలామందికి కూడా తెలిసుంటుంది, అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చింది, వాస్కోడగామా కాలికట్‌లో దిగింది 1498, వాళ్లు గోవా పట్టుకుంది 1510. సరే, స్కూల్లో చదివేశాం, వదిలేశాం. కానీ ఈ పుస్తకం ఏం చేసిందంటే ఆ మాటని పట్టుకుని మన పేర్ల దగ్గరికి తీసుకెళ్లింది. మిరియం, మిరపకాయ, ఒకసారి పక్కపక్కన పెట్టి పలకండి. తమిళంలో మిళగు అంటే మిరియం, మిళగాయ్ అంటే మిరపకాయ. కన్నడంలో మెణసు, మెణసినకాయి. అంటే ఊరూరా మన పూర్వీకులు ఆ ఎర్రటి కాయని కొరికి, అరె ఇది మిరియంలా మండుతోందే అని ఆ పేరే తగిలించేశారన్నమాట. ఇది చదివినప్పుడు రాత్రి పదకొండైంది, నేను పుస్తకం మూసేసి వంటింట్లోకి వెళ్లి మిరియాల డబ్బా, ఎండుమిరపకాయల డబ్బా రెండూ బయటికి తీసి చూస్తూ కూర్చున్నా. నిజంగా కూర్చున్నానండి.

మర్నాడు సాయంత్రం మా విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లాను, ఎప్పుడూ తినే చోటే మురీ మిక్చర్, అదే మరమరాల మిక్చర్, చెప్పాను, ఆయన కలుపుతుంటే చూస్తున్నా. టమాటా ముక్కలు వేశాడు, టమాటా అమెరికాది. వేరుశెనగ గుళ్లు, అవీ అమెరికావే. కారం వేశాడు, అది సరే సరి. ఈ మూడూ తీసేస్తే పొట్లంలో మిగిలేది మురీలు, ఉల్లిపాయ, నిమ్మరసం, ఉప్పు. పక్క బండి మీద మొక్కజొన్న పొత్తులు కాలుతున్నాయి, దాని మీద రాసే ఉప్పూకారంతో సహా అదీ అటువైపు నుంచి వచ్చిందే. పొద్దున్న ఇడ్లీలోకి వేరుశెనగ చట్నీ, మధ్యాహ్నం బంగాళాదుంప వేపుడు, మాడుగుల హల్వాలో జీడిపప్పు, జాంపండు, బొప్పాయి, అన్నీ ఓడ దిగినవే. హల్వాలో గోధుమ పాలు, నెయ్యి మాత్రం మనకి ముందు నుంచీ ఉన్నవే, కాబట్టి మాడుగులవాళ్లు కంగారు పడక్కర్లేదు. నాకు ఇదంతా బాధగా అనిపించలేదు, ఇంకా ఇష్టం పెరిగింది. ఎక్కడిదో ఒక కాయ వచ్చి నాలుగైదు వందల ఏళ్లలో ఇంటి మనిషైపోయింది, అదిప్పుడు లేకపోతే మనకి ముద్ద దిగదు.

మరి అది రాకముందు సంగతేంటి, ఈ పుస్తకంలో నాకు ప్రాణం లేచొచ్చిన చోటు అదే. క్రీడాభిరామం అని పాత తెలుగు వీథినాటకం ఉంది కదండీ, వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్నది, అందులో మంచనశర్మ, టిట్టిభసెట్టి అని ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు, అక్కడ పూటకూళ్ల ఇంటి భోజనం మీద ఒక పద్యం ఉంది. ఒక్క రూకకి ఏమేం పెడతారంటే కప్పురభోగి బియ్యం అన్నం, గోధుమపిండి వంటలు, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, చివర్లో గడ్డపెరుగు. ఇది మెనూ కార్డేనండి! హోటల్ ఓనర్ పేరుతో సహా ఉంది, లక్ష్మణవజ్జల ఇల్లట. రాజుల పట్టాభిషేకాలు, యుద్ధాలు ఎన్నో చదివాను కానీ ఓరుగల్లు నిజంగా మనుషులు తిరిగిన ఊరని నాకు ఈ భోజనంతోనే తెలిసింది. ఆకలేసిన ఇద్దరు మనుషులు, ఒక రూక, పెరుగన్నం. అంతే కదా ఊరంటే.

ఇక్కడ సినిమాల గురించి మాట్లాడకుండా ఉండలేను. ఆ మధ్య జగదాంబ సెంటర్లో ఒక చారిత్రక సినిమా చూశాను, పేరు చెప్పను, కష్టపడి తీసిన సినిమా, గుర్రాలూ కోటలూ బ్రహ్మాండంగా ఉన్నాయి. కాకతీయుల కాలం అన్నారు. బజారు సీన్ వచ్చింది, కెమెరా పైనుంచి అలా దిగుతుంటే ఎర్రగా నిగనిగలాడుతూ ఎండుమిరపకాయల గుట్టలు. కాకతీయుల రాజ్యం పడిపోయింది 1323లో, గామా దిగడానికి ఇంకా 175 ఏళ్లుంది! ఆ తర్వాత హీరో ఎంత బాగా చేసినా నా కళ్లు ఆ గుట్టల దగ్గరే ఉండిపోయాయి. మాయాబజార్‌లో ఘటోత్కచుడు తినేవాటిల్లో జిలేబీ కూడా వస్తుంది, దానికి నాకేం అభ్యంతరం లేదు, అది పురాణం, పైగా మాయ. కానీ సంవత్సరం నంబర్ తెర మీద వేసి మరీ చరిత్ర అని చెప్పినప్పుడు బజార్లో ఏం అమ్మేవాళ్లో ఒక్కసారి అడిగి తెలుసుకోవాలి కదా. కత్తులకీ నగలకీ అంత రీసెర్చ్ చేస్తారు, వంటింటికి ఎందుకు చెయ్యరు? మిరియాలు, పిప్పళ్లు, అల్లం, ఆవాలు పోసి ఉంటే ఆ సీన్ ఇంకా అందంగా ఉండేది, ఆ నల్లటి రాశులు, ఆ పసుపు, ఎవరూ చూపించని రంగులు.

సరే, పుస్తకానికి వచ్చేద్దాం. ఆముక్తమాల్యద చాప్టర్. శ్రీకృష్ణదేవరాయలు మన సింహాచలం కొండెక్కిన మనిషండి, 1516లో, శాసనం గుళ్లో ఉంది. ఆయన రాసిన ఈ ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడనే భక్తుడు ఇంటికొచ్చిన అతిథులకి కాలాన్ని బట్టి భోజనం పెడతాడు. ఎండాకాలంలో నులివెచ్చని అన్నం, తియ్యటి చారు, పలుచని అంబలి, చెరకు రసం, కొబ్బరి నీళ్లు, వడపిందెలు, నీరుమజ్జిగ. చలికాలంలో మిరియప్పొడి వేసిన వేడివేడి కూరలు, ముక్కుకెక్కే ఆవపచ్చళ్లు, చెయ్యి చురుక్కుమనేంత వేడి నెయ్యి. మిరియం ఉంది, మిరపకాయ లేదు. అంబలి దగ్గర ఆగిపోయాను నేను. మా మామ్మ ఎండాకాలం చోడంబలి, అదే రాగి అంబలి, కాచి కుండలో పెట్టేది, పొద్దున్నే ఉల్లిపాయతో తాగేవాళ్లం, అది లేనివాళ్ల తిండి అనుకునేవాణ్ని చిన్నప్పుడు. రాయలవారి పద్యంలో అతిథికి పెట్టారు దాన్ని.

ఇంక ఆగలేక వండేశాను. పూర్ణామార్కెట్ నుంచి పనసపొట్టు తెచ్చి ఆవపెట్టిన కూర, ఒక్క మిరపకాయ కూడా వెయ్యకుండా. పొట్టు ఉడికించి, చింతపండు పులుసు, అల్లం, పోపులో ఆవాలు, మినప్పప్పు, ఇంగువ, కారం బదులు మిరియాలు కచ్చాపచ్చాగా దంచి వేశా, కూర చల్లారాక నూరిన ఆవ కలిపా, వేడి మీద కలిపితే చేదొచ్చేస్తుంది. అమ్మ వచ్చి చూసి, ఏట్రా ఇది, మిరపకాయ లేకపోతే కూరేటి, అంది. ఒక ముద్ద తిన్నాక ఏం మాట్లాడలేదు, రెండోసారి వడ్డించుకుంది. మిరపకాయ మంట నాలుక మీద ఉంటుంది, మిరియం గొంతులోకి దిగుతుంది, ఆవ ముక్కుకి తగుల్తుంది, ఆ రెండూ కలిస్తే కూర మొత్తం వేరే కూర అయిపోయింది. ప్రతిరోజూ తింటానా అంటే తినను, కానీ ఒక్కసారైనా మీ ఇంట్లో చేసి చూడండి.

ఇప్పుడు నా కోపం. రెండు విషయాలు. ఒకటి, ఉత్తరాంధ్ర. ఇంత లావు పుస్తకంలో గోదావరి, కృష్ణా, రాయలసీమ, తెలంగాణ అన్నీ తీరిగ్గా రాశారు, మన దగ్గరికి వచ్చేసరికి మాడుగుల హల్వా, అరకు కాఫీ, బొంగులో చికెన్, అయిపోయింది. మిరియాల మీద అంత పెద్ద చాప్టర్ రాసి, పాడేరు, అరకు కాఫీ తోటల్లో చెట్లకి పాకే మిరియం తీగల గురించి ఒక్క ముక్క లేదు. మన ఏజెన్సీలో పండే పిప్పళ్ల గురించీ లేదు. మిరపకాయ కంటే ముందటి కారం ఇప్పటికీ పండుతున్న కొండలు ఇవి, ఇక్కడికి రాకుండా ఆ చాప్టర్ ఎలా పూర్తవుతుంది?

రెండోది, దీనికి అసలు క్షమాపణ లేదు, ఇండెక్స్ లేదండి. వెనక పేజీలు తిప్పి చూడండి, ఇదిగో, ఖాళీ. చరిత్ర పుస్తకానికి ఇండెక్స్ లేకపోతే ఒకసారి చదివి అలమారాలో పెట్టేయడమే. ఇంగువ గురించి ఎక్కడో చదివానే అని నిన్న గంటసేపు వెతికాను. పద్యాలు కూడా కొన్నిటికి తాత్పర్యం ఇవ్వలేదు, ఆముక్తమాల్యద పద్యం పదాలు విడగొట్టకుండా ఇచ్చేస్తే కాలేజీ పిల్లలు ఎలా చదువుతారు, తిండి పద్యమని కూడా తెలీదు వాళ్లకి. సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వచ్చింది, నేను ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని చదివాను, పాత పద్యాల్లోంచి జనం బతుకు ఎలా బయటికి తీయాలో ఆయన అప్పుడే చూపించేశారు, సాహిత్య అకాడమీ మొదటి తెలుగు అవార్డు కూడా దానికే వచ్చింది. ఈ కొత్త పుస్తకం రాసినాయన ఆ దారిలోనే నడిచారు, బాగా నడిచారు, అందుకే ఇంత చిన్న విషయం దగ్గర వదిలేసినందుకు ఎక్కువ కోపం వస్తోంది.

కొనాలా వద్దా అంటారా, కొనండి. నేను ఫ్రీ కాపీ ఉండగానే మా తమ్ముడికి ఇంకోటి డబ్బులిచ్చి కొన్నాను. పూటకూళ్ల ఇల్లు, మిరియం చాప్టర్, ఈ రెండిటికే ఇచ్చిన డబ్బు వచ్చేసినట్టు. ఉత్తరాంధ్ర భాగం మాత్రం పెద్దగా ఏదో ఉంటుందని ఆశ పెట్టుకోకండి.

ఇంకోటి, ఆ వెనక ఖాళీ పేజీల్లో నేనే పెన్సిల్‌తో ఇండెక్స్ రాసుకుంటున్నా, అ నుంచి మొదలుపెట్టి ప దాకా వచ్చింది, పిప్పళ్లు, పెసరపప్పు అయ్యాయి, పెరుగు దగ్గరున్నా. పూర్తయ్యాక ఫోటోలు తీసి కమ్యూనిటీలో పెడతాను, పుస్తకం కొన్నవాళ్లు ప్రింట్ తీసి అతికించుకోండి. మీ ఇళ్లల్లో కారం లేకుండా మిరియంతో చేసే పాత కూరలు ఏవైనా ఉంటే, ముఖ్యంగా పాడేరు, మాడుగుల, చోడవరం వైపు వాళ్లు, కింద రాయండి, వచ్చే ఆదివారం వాటిల్లో ఒకటి వండుతాను.